చెల్లెలు ఏమైంది? ఫాంటసీ కథలో లైంగిక హింసను మలుపుగా వాడకుండా రాయడం ఎలా

నాలుగేళ్ల కిందట నేను రాసిన ఫాంటసీ సీరియల్ చిత్తుప్రతిలో పదకొండో అధ్యాయం ఇలా ఉండేది. కథానాయకుడు వేటకెళ్లి సాయంత్రానికి ఊరికి తిరిగొస్తాడు. ఊరు తగలబడిపోయి ఉంటుంది. దండనాయకుడి మనుషులు అతని చెల్లెల్ని చెరిచి వెళ్లిపోయారని ఓ ముసలాయన చెబుతాడు. కథానాయకుడు కత్తి పైకెత్తి ప్రతిజ్ఞ చేస్తాడు. అధ్యాయం అయిపోతుంది. అది రాసిన రాత్రి నా కళ్లే చెమర్చాయి. బాగా వచ్చిందనుకున్నాను.

నేనేం రాసినా మొదట చదివేది మా పెద్దమ్మ కూతురు. అక్క నలభై అధ్యాయాలూ చదివి ఒక్కటే అడిగింది. "తర్వాత ఆ చెల్లెలు ఏమైందిరా?"

వెనక్కి వెళ్లి చూశాను. పన్నెండో అధ్యాయం నుంచి చివరిదాకా ఆ పిల్ల ఎక్కడా లేదు. బతికి ఉందో లేదో కూడా నేను రాయలేదు. కథానాయకుడి గుర్రం కాలికి గాయమైతే మాత్రం రెండు పేజీలు రాశాను, కట్టు కట్టిన పసరు ఏ ఆకుదో కూడా చెప్పాను. చెల్లెలికి పేరే పెట్టలేదు. ఆ రోజు పడ్డ సిగ్గు నాకింకా గుర్తుంది. నేను రాసింది ఒక ఆడపిల్ల కష్టం కాదు, ఒక మగవాణ్ని ఇంట్లోంచి యుద్ధానికి పంపే టికెట్.

ఫాంటసీలో లైంగిక హింస గురించి రాయనే కూడదని నేను అనడం లేదు. దాన్ని గురించి రాయడం వేరు, దాన్ని వాడుకోవడం వేరు. ఈ మార్గదర్శి వాడుకోవడం గురించి. నా చిత్తుప్రతి సరిచేసుకుంటూ, తర్వాత తోటి రచయితల చిత్తుప్రతులు చదువుతూ నేర్చుకున్న పద్ధతిని అడుగుల వారీగా చెబుతాను.

మొదటి అడుగు: ఎక్కడెక్కడ ఉందో వెతకండి

చిత్తుప్రతి ప్రింట్ తీసుకుని రంగు పెన్ను పట్టుకోండి. నేరుగా దాడి జరిగిన సన్నివేశం ఒక్కటే కాదు. ఆఖరి నిమిషంలో కథానాయకుడు వచ్చి కాపాడినది, పాత్ర గతంలో ఎప్పుడో జరిగిందని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసినది, విలన్ బెదిరింపు, బలవంతపు పెళ్లి, మంత్రం వేసి మనసు మార్చడం, మగ ఖైదీ మీద వేసిన జోకు, అన్నీ గుర్తు పెట్టండి. చాలామంది "నా కథలో అలాంటివి లేవు" అనుకునే మొదలుపెడతారు. నేనూ అంతే. నాకు ఏడు దొరికాయి.

ఇప్పుడు ఒక్కోదాని పక్కన రెండు సంగతులు రాయండి. ఆ సన్నివేశం ఎవరి కళ్లతో చూపించారు? అది జరిగాక, ఎవరికి జరిగిందో వాళ్లు ఎన్ని పేజీల్లో మాట్లాడారు?

ఈ రెండో లెక్క నిజం చెప్పేస్తుంది. నా పదకొండో అధ్యాయానికి వచ్చిన జవాబు సున్నా.

మొదటి ప్రశ్న ఎంత ముఖ్యమో 2015లో ప్రపంచమంతా చూసింది. ఆ ఏడాది మే 17న ప్రసారమైన 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అనే ఇంగ్లిష్ టీవీ ఫాంటసీ సిరీస్ ఐదో సీజన్ ఆరో ఎపిసోడ్‌లో, పెళ్లి రాత్రి సాన్సా అనే అమ్మాయి మీద ఆమె భర్త రామ్సే దాడి చేస్తాడు. కెమెరా ఆమెను వదిలేసి, ఆ గదిలో నిలబడి చూడాల్సి వచ్చిన థియాన్ అనే బందీ ముఖం మీదికి వెళ్తుంది. బాధ ఆమెది, క్లోజప్ అతనిది. మూల నవలల్లో రామ్సేతో ఆ పెళ్లి జరిగింది సాన్సాకు కాదు, మరో అమ్మాయికి. సిరీస్ వాళ్లు కావాలనే సాన్సాను అక్కడికి తీసుకొచ్చారు. 'ది మేరీ స్యూ' అనే వెబ్‌సైట్ ఇకపై ఆ సిరీస్‌కు ప్రచారం ఇవ్వబోమని ప్రకటించింది. క్లెయిర్ మెకాస్కిల్ అనే అమెరికన్ సెనేటర్ ఇక చూడనని బాహాటంగా చెప్పారు. వెగటు పుట్టించే దృశ్యాలు ఆ సిరీస్‌లో అంతకుముందూ ఉన్నాయి. కానీ ఒక అమ్మాయి కథ ఆమె చేతిలోంచి జారిపోయి పక్కవాడి కథ అయిపోవడం అంత స్పష్టంగా కనబడింది అప్పుడే.

రెండో అడుగు: ఆ సన్నివేశం ఏ పని చేస్తోంది?

ఇది అన్నిటికంటే పెద్ద అడుగు, తొందరపడొద్దు. కథలో ప్రతి సన్నివేశానికీ ఒక పని ఉంటుంది. మీరు గుర్తు పెట్టుకున్న ప్రతి చోటా "దీన్ని తీసేస్తే నా కథలో ఏది ఆగిపోతుంది?" అని అడగండి. నేను చూసిన చిత్తుప్రతుల్లో జవాబులు దాదాపు ఎప్పుడూ ఈ ఐదింట్లోనే ఉన్నాయి.

విలన్ చెడ్డవాడని చూపించడం. ఇది బద్ధకం వల్ల వచ్చేది. విలన్‌కి ఏం కావాలో రచయితకు తెలియనప్పుడు, వాడు ఎంత దుర్మార్గుడో చూపించడానికి ఇదొక్కటే దారిగా కనిపిస్తుంది. నా దండనాయకుడు అలాంటివాడే. వాడికి ఏం కావాలని అడిగితే నా దగ్గర "రాజ్యం" తప్ప జవాబు లేదు. రాజ్యం అందరికీ కావాలి. వానాకాలం లోపు కోట గోడ లేపాలి, లేకపోతే తన పదవి తమ్ముడికి పోతుంది, దానికి రెండు వేల మంది కూలీలు కావాలి, ఊళ్లలో ఎవరూ రావడం లేదు. ఇలా ఒక కచ్చితమైన అవసరం ఇచ్చేసరికి వాడు చేసే దుర్మార్గం దానంతటదే పుట్టుకొచ్చింది. అది ఏమిటో కాసేపట్లో చూపిస్తాను.

కథానాయకుడికి కోపం తెప్పించడం. దీనికి ఇంగ్లిష్ కామిక్స్ ప్రపంచంలో ఒక పేరే ఉంది. 1994లో గ్రీన్ లాంటర్న్ కామిక్ 54వ సంచికలో హీరో ఇంటికి వచ్చేసరికి అతని ప్రియురాలిని చంపి ఫ్రిజ్‌లో కుక్కి ఉంటారు. 1999లో గెయిల్ సిమోన్ అనే రచయిత్రి ఇలా చంపేసిన, చెరిచిన, శక్తులు పోగొట్టిన కామిక్ స్త్రీ పాత్రల పేర్లన్నీ ఒక వెబ్‌సైట్‌లో పేర్చి, దానికి 'విమెన్ ఇన్ రిఫ్రిజిరేటర్స్' అని పేరు పెట్టారు. అప్పటి నుంచి ఇలా చేయడాన్ని ఫ్రిజ్‌లో పెట్టడం అంటున్నారు. మన దగ్గర ఫ్రిజ్ బదులు తగలబడిన గుడిసె ఉంటుంది, అంతే తేడా. మీ కథానాయకుడు కదలాలంటే అతని సొంత తప్పు, అతనిచ్చిన మాట, అతను పోగొట్టుకున్న పని అతన్ని కదిలించాలి. అక్కాచెల్లెళ్లు, భార్య, తల్లి అతని ఇంజిన్‌కి పోసే పెట్రోల్ కాదు.

కథానాయికను గట్టిపడేలా చేయడం. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే రాసేవాళ్లు దీన్ని స్త్రీ పక్షాన రాస్తున్నామనే నమ్మకంతో రాస్తారు. ఆమె మెత్తనిది, దాడి జరిగింది, అందుకే కత్తి పట్టింది. 2019లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చివరి సీజన్ నాలుగో ఎపిసోడ్‌లో సాన్సా చేత, వాళ్లంతా నాకలా చేయకపోయి ఉంటే నేను జీవితమంతా చిన్న పిట్టలాగే ఉండిపోయేదాన్ని అనే అర్థం వచ్చే మాట అనిపించారు. ఆమె ఏళ్ల తరబడి కొలువులో చూసి నేర్చుకున్న రాజనీతి, ఓర్పు, తెలివి అన్నిటి ఘనతా ఆ ఒక్క మాటతో దాడి చేసినవాడి ఖాతాలోకి పోయింది.

ఆడమనిషి ఆయుధం పట్టడానికి ఇంకేం కారణాలు ఉంటాయని ఎవరైనా అడిగితే మన తెలుగు నేలనే చూపిస్తాను. రుద్రమదేవి 1262 నుంచి 1289 దాకా ఓరుగల్లు ఏలింది. శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు' అని మగ పేరు పెట్టుకుంది. ఆడది ఏలడమేమిటన్న సామంతుల తిరుగుబాటు ఒకవైపు, దేవగిరి యాదవ మహాదేవుడి దండయాత్ర మరోవైపు, చివర్లో కాయస్థ సామంతుడు అంబదేవుడి తిరుగుబాటు. ఆమె మరణాన్ని చెప్పే శాసనం నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికింది. ఈ జీవితంలో ఐదు నవలలకు సరిపడా సంఘర్షణ ఉంది. పల్నాటి నాయకురాలు నాగమ్మ సంగతి చూడండి. గురజాల కొలువులో మంత్రిత్వం, బ్రహ్మనాయుడితో ఎత్తులు పైఎత్తులు, కోడిపందెం మీద ఒక రాజ్యం భవిష్యత్తు. ఆమెను కదిలించినవి అధికారం, పట్టుదల. మేడారం గాథలో సమ్మక్క, సారలమ్మ యుద్ధానికి దిగింది కరువుతో కప్పం కట్టలేని కోయ జనం కోసం. కప్పం, కరువు, వాగు. జంపన్న పడిన వాగుకు ఇప్పటికీ అతని పేరే. రెండేళ్లకోసారి అంతమంది జనం అక్కడికి వెళ్లి మొక్కేది కప్పానికి ఎదురు నిలబడిన తల్లీబిడ్డలకు.

లోకం క్రూరమైనదని చెప్పడం. దీనికి విడిగా ఒక అడుగు కావాలి, కిందనే ఉంది.

చప్పబడిన అధ్యాయంలో టెన్షన్ పెంచడం. ఇది మాత్రం కత్తిరించేయండి. అధ్యాయం చప్పగా ఉందంటే దాని ముందు అధ్యాయంలో ఏదో రాయాల్సింది రాయలేదని అర్థం. అక్కడికి వెళ్లి బాగు చేయండి.

మూడో అడుగు: "ఆ కాలంలో అలాగే ఉండేది" అనే మాటను పరీక్షించండి

ఈ మాట నేనూ అన్నాను, అక్కతోనే. అక్క నా చిత్తుప్రతి తెరిచి, అందులో ఎవరికీ పేలు లేవేం, మశూచి ఎవరికీ రాలేదేం, పురిట్లో ఎవరూ పోలేదేం అని అడిగింది. నిజమే. నా రాజ్యంలో రెక్కల ఏనుగులున్నాయి, మాట్లాడే రాయి ఉంది, అందరికీ తెల్లటి పళ్లున్నాయి. యుద్ధంలో మగ ఖైదీల మీద కూడా లైంగిక హింస జరుగుతుంది. అది నా కథలో లేదు. వాస్తవం పేరుతో నేను ఏరి తెచ్చుకున్నది ఒక్కటే, అదీ ఆడవాళ్ల మీదే.

ఇంకో సంగతి. వాస్తవమే కావాలనుకుంటే వాస్తవం ఎలా ఉంటుందో చూడాలి. ఫాంటసీలో దాడి చేసేవాడు ఎప్పుడూ చీకటి అడవిలో దొంగ, లేకపోతే శత్రు సైనికుడు. మన దేశంలో జాతీయ నేర గణాంకాల సంస్థ 2022లో నమోదు చేసిన అత్యాచార కేసులు 31,516. వాటిలో 95 శాతానికి పైగా కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. చుట్టం, పక్కింటివాడు, యజమాని, ప్రేమిస్తున్నానన్నవాడు. అడవిలో దొంగ అనే కథ చదివే అమ్మాయికి అబద్ధం చెబుతుంది, ఇంట్లో ఉన్నవాణ్ని వెనకేసుకొస్తుంది.

ఈ అడుగులో చేయాల్సిన పని ఒక్కటే. మీ లోకానికి నియమాలు మీరే రాసుకోండి. మీ రాజ్యంలో ఆడవాళ్లు రాత్రి ఒంటరిగా ప్రయాణం చేస్తారా? చేస్తే ఏ చట్టం, ఏ దేవత, ఏ మంత్రం, ఏ సంఘం వాళ్లకు అండ? చేయలేకపోతే మీ సంతలు ఎలా నడుస్తాయి, మంత్రసాని అర్ధరాత్రి కాన్పుకు ఎలా వెళ్తుంది? ఈ ప్రశ్నలకు జవాబు రాసే క్రమంలోనే లోకం నిండుగా తయారవుతుంది. ఏ భయమూ లేకుండా మంత్రసాని రాత్రిపూట దీపం పట్టుకుని నడిచిపోయే రాజ్యం ఊహించడం, రెక్కల ఏనుగును ఊహించడం కంటే కష్టమని నాకు రాస్తున్నప్పుడే తెలిసింది.

నాలుగో అడుగు: మంత్రం ముసుగులో దాక్కున్నదాన్ని బయటికి లాగండి

వేరే కథల్లో లేని చిక్కు ఫాంటసీలో ఉంది. ఇక్కడ బలవంతం మాయ రూపంలో వస్తుంది, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది.

వశీకరణం అలాంటిదే. తిలకం పెట్టాడు, తాయెత్తు కట్టాడు, ఆమె వెంట వచ్చేసింది. ఆమెకు వద్దనే అవకాశం ఉందా? లేదు. విలన్ చేస్తే అది నేరమని రాస్తాం, విదూషకుడు చేస్తే హాస్యం అంటాం. రెండూ ఒకటే. వేరొకరి రూపంలో వచ్చి పక్కలో చేరడం కూడా అంతే. అహల్య కథలో ఇంద్రుడు గౌతముడి వేషంలో వచ్చాడు, రాయి అయింది మాత్రం అహల్య. స్నానానికి కొలను దిగిన గంధర్వకన్య చీర దాచేసి, చీర కావాలంటే నన్ను పెళ్లాడు అనే జానపద కథ మనలో చాలామంది చిన్నప్పుడు విని నవ్వుకున్నాం. ఆ కొలనులో నిలబడి ఆ అమ్మాయి ఏమనుకుంటుందో ఒక్క పేజీ రాసి చూడండి. పరీక్షలో గెలిచినవాడికి అర్ధరాజ్యం, రాజకుమార్తె అన్నప్పుడు కూడా రాజకుమార్తెను ఎవరూ అడగలేదు.

వీటిని తీసేయమనడం లేదు. ఇవి మన కథల సొత్తు. నియమం మార్చండి. వశీకరణం మనసును మార్చలేదు, కాళ్లను మాత్రమే నడిపించగలదు అని పెట్టుకోండి. అప్పుడు నడుస్తున్న మనిషి లోపల గొంతు వినిపిస్తుంది, కథ ఆమెదవుతుంది.

మన జానపదంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. బాలనాగమ్మ కథ బుర్రకథగా, నాటకంగా ఊరూరా ఆడింది, 1942లో సినిమాగా కూడా వచ్చింది. మాయల ఫకీరు ఆమెను మాయచేసి ఎత్తుకుపోతాడు. అంతా వాడి కోట, వాడి మంత్రం. ఆమె దగ్గర ఉన్నది ఒక్క మాట: నేను వ్రతంలో ఉన్నాను, అది ముగిసేదాకా నన్ను తాకకూడదు. ఆ మాటతోనే వాణ్ని ఏళ్ల తరబడి ఆపింది. పసివాడుగా వదిలి వచ్చిన కొడుకు బాలవర్ధి రాజు ఎదిగి వచ్చేదాకా ఆపింది. ఫకీరు ప్రాణం చిలకలో ఉందన్న రహస్యం బయటపడేదాకా ఆపింది. ప్రమాదం మొదటి నుంచి చివరిదాకా ఉంది. అయినా వినేవాడు ఎదురుచూసేది దాడి కోసం కాదు, ఆమె రేపు ఏం చెప్పి వాణ్ని ఆపుతుందా అని, చిలక ఎక్కడుందా అని.

ఈ నిర్మాణం తీసుకోండి. ఒక్కటి మాత్రం తీసుకోవద్దు. ఆ కథలో ఆమె విలువ అంతా పాతివ్రత్యం మీద నిలబడింది. ఆ ఎత్తు ఫలించకపోయి ఉంటే ఆమె తక్కువదై ఉండేదా అన్న ప్రశ్నకు ఆ కథ దగ్గర జవాబు లేదు. మీ కథలో ఉండాలి.

ఐదో అడుగు: అదే సన్నివేశాన్ని మళ్లీ రాయండి

దండనాయకుడికి కూలీలు కావాలని చెప్పాను కదా. ఊళ్లో వరి పొట్టకొచ్చింది. వాడు చెరువు తూము మూయించాడు. పంట ఎండితే జనం కూటి కోసం కోట పనికి వస్తారు. కథానాయకుడిది నీరటి కుటుంబం, ఏ పొలానికి ఎంత నీరు వదలాలో చూసే కుటుంబం. చెల్లెలికి మల్లి అని పేరు పెట్టాను. కొత్త పదకొండో అధ్యాయంలో కొంత భాగం ఇది:

కట్ట ఎక్కేసరికి చీకటి పడింది. చెరువు నిండుగా ఉంది. కట్టకు ఇవతల వరి ఎండి గాలికి గలగలమంటోంది. తూము దగ్గర ఎవరో ఈటె పట్టుకుని కూర్చున్నారు. సైనికుడనుకుని కత్తి దూశాడు.

"దిగకు అన్నా," అంది మల్లి. "మూత కదిలితే నాన్న ఉండడు. రోజూ పొద్దున్నే వచ్చి గుర్తు రాయి దగ్గర నీళ్లు కొలుచుకుపోతున్నారు."

ఆమె కాళ్ల దగ్గర రాళ్లు కుప్పగా పడి ఉన్నాయి. శత్రువులు విసిరినవి కావు. ఊళ్లో వాళ్లు విసిరినవి.

ఇందులోనూ క్రూరత్వం ఉంది. నా ఉద్దేశంలో ముందుకంటే ఎక్కువే ఉంది. దండనాయకుడు ఒక్క వేటూ వేయకుండా తండ్రిని బందీ చేసి, కూతుర్ని కాపలా పెట్టి, ఊరిని ఆమె మీదికి ఉసిగొల్పాడు. వాడెలాంటివాడో పాఠకుడికి తెలిసిపోయింది. అన్నకు కదలక తప్పని కారణం దొరికింది, పైగా కత్తితో తెగని చిక్కు దొరికింది. మల్లి కథలోనే ఉంది, రేపు ఏం చేయాలో తేల్చుకోవాల్సింది ఆమే. పన్నెండో అధ్యాయం రాయడానికి కూర్చుంటే, మొదటిసారి, ఎవరి వెంట వెళ్లాలో నాకే తెలియలేదు. అన్న వెంటా, మల్లి వెంటా? మల్లి వెంట వెళ్లాను.

ఒక జాగ్రత్త. లైంగిక దాడి తీసేసి ఆ స్థానంలో చెల్లెల్ని చంపేస్తే మీరు మార్చింది ఏమీ లేదు. మొదటి అడుగులో వేసిన పేజీల లెక్క మళ్లీ వేయండి.

ఆరో అడుగు: మాటలు సరిచూసుకోండి

ఇది తెలుగులో రాసేవాళ్లకు మరీ ముఖ్యం. మన భాషలో ఈ నేరానికి ఉన్న పాత మాటలు చాలావరకు నేరం చేసినవాణ్ని వదిలేసి బాధితురాలి విలువ కొలుస్తాయి. మానభంగం అంటే భంగమైంది ఆమె మానం. శీలం పోయింది అంటే పోగొట్టుకుంది ఆమె. సర్వస్వం కోల్పోయింది, పాడైపోయింది, బలైపోయింది, ఇక ముఖం ఎలా చూపిస్తుంది. ఈ వాక్యాల్లో ఎక్కడా వాడు లేడు. ఉన్నా కామాంధుడు, మృగాడు అయి ఉంటాడు. మృగం అనేస్తే మనిషి తప్పించుకుంటాడు. ఆ పని చేసింది మనిషే, పొద్దున్నే లేచి సంధ్యావందనం చేసుకున్న మనిషే.

కథకుడి గొంతుకు దాడి, బలాత్కారం, లైంగిక హింస లాంటి సూటి మాటలు చాలు. చేసినవాణ్ని వాక్యంలో కర్తగా పెట్టండి. "ఆమె చెరచబడింది" అని కాదు, "దండనాయకుడు ఆమె మీద దాడి చేశాడు". నా మొదటి చిత్తుప్రతిలో "చెరిచి" అన్న మాట ఎంత తేలిగ్గా పడిందో ఈ వ్యాసం మొదట్లోనే చూశారు. పాత మాటలు పాత్రల నోట రావచ్చు, ఊరి పెద్ద అలాగే మాట్లాడతాడు మరి. అప్పుడు ఆ మాట విన్న అమ్మాయికి ఎలా ఉందో కూడా రాయాలి.

ఇంకొకటి, వర్ణన. చిరిగిన పైట, చెదిరిన జుట్టు, వణికే పెదవులు అంటూ ప్రబంధ ధోరణిలో కలం సాగిపోతుంటే ఆపేయండి. అది దాడి చేసేవాడి చూపు. మీ కలం వాడి కళ్లతో చూస్తోంది.

ఏడో అడుగు: ఇంకా ఉండాల్సిందే అనిపిస్తే

అన్నీ చేశాక కూడా ఈ కథ దాని గురించే అని మీకు అనిపించవచ్చు. అప్పుడు దాని గురించే రాయండి, దాటేయకండి. ఉర్సులా లెగ్విన్ 1990లో రాసిన 'తెహాను'లో, సొంతవాళ్లే కొట్టి, బలాత్కరించి, నిప్పుల్లో వదిలేసిన ఒక పాప ఉంటుంది. ఆ ఘోరం దృశ్యంగా ఎక్కడా రాదు. ఆ పాపతో కలిసి బతకడం, ఆమెకు అన్నం పెట్టడం, కొత్త మనిషి కనిపిస్తే ఆమె ముడుచుకుపోవడం, ఇదే నవల. రాబిన్ మెకిన్లీ 1993 నాటి 'డీర్‌స్కిన్' పాత జానపద కథను తీసుకుని, కన్నతండ్రి చేతిలో దాడికి గురైన రాకుమారి మళ్లీ తన పేరు తాను గుర్తు తెచ్చుకునే దాకా నడుస్తుంది. రెండూ జరిగిన దాని మీద కంటే తర్వాతి రోజుల మీద ఎక్కువ కాగితం ఖర్చు పెట్టాయి.

కథ ఆమె వైపు నుంచి, లేదా అతని వైపు నుంచి, బాధ ఎవరిదైతే వాళ్ల వైపు నుంచి నడవాలి. తలుపు మూసుకున్నాక లోపలికి వెళ్లనక్కర్లేదు. మర్నాడు గడియ పడిన చప్పుడుకు ఆమె చేతిలో చెంబు జారిపడితే పాఠకుడికి అర్థమవుతుంది.

ఎందుకు అరవలేదు, ఎందుకు తిరగబడలేదు అని కథలో ఏ పాత్రైనా అడిగితే దానికి శరీరం చెప్పే జవాబు తెలుసుకుని రాయండి. 2017లో వెలువడిన ఒక స్వీడన్ అధ్యయనం దాడి తర్వాత స్టాక్‌హోమ్‌లోని అత్యవసర క్లినిక్‌కు వచ్చిన 298 మంది మహిళలతో మాట్లాడింది. వాళ్లలో 70 శాతం మంది ఆ సమయంలో ఒళ్లు కొయ్యబారిపోయి కదల్లేకపోయామని చెప్పారు. అది ఒప్పుకోవడం కాదు, పిరికితనమూ కాదు. మీ వీరనారికి కూడా అలా జరగవచ్చు, ఆమె వీరనారి కాకుండా పోదు.

ఆత్మార్పణతో ముగించొద్దు. దాడి చేసినవాడికే ఇచ్చి పెళ్లి చేసి ముగించొద్దు. రాజకుమారుడి ప్రేమ తగలగానే అంతా మానిపోయిందని రాయొద్దు. జ్ఞాపకం తుడిచేసే మంత్రం మీ లోకంలో ఉంటే, అది కావాలో వద్దో ఆమె చెప్పాలి. ఆమెకు కోపం ఉండనివ్వండి, నవ్వూ ఉండనివ్వండి, వంట బాగా చేయడమో గుర్రాలను మచ్చిక చేయడమో ఉండనివ్వండి.

నిజంగా జరిగిన ఘటన ఏదైనా మీ కథకు మూలమైతే ఊరు, వృత్తి, బంధుత్వాలు అన్నీ మార్చండి. బాధితుల ఆనవాళ్లు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల దాకా జైలు పడే నేరం. చట్టం లేకపోయినా చేయకూడని పని.

ఎనిమిదో అడుగు: పాఠకుల ముందు పెట్టేటప్పుడు

సీరియల్‌గా రాస్తుంటే, తలుపు మూసుకున్న చోట ఎపిసోడ్ ఆపి "తరువాయి వచ్చే వారం" అనొద్దు. వారం రోజుల పాటు ఆ గదిలో ఏం జరుగుతుందోనని పాఠకులను ఊరించడమే అది. ఆ ఒక్క చోట లైకులు, కామెంట్లు పెరుగుతాయి, నాకు తెలుసు. అయినా వద్దు.

మొదట్లోనే రెండు లైన్ల ముందుమాట పెట్టండి. "ఈ కథలో లైంగిక హింస తర్వాతి జీవితం గురించిన ప్రస్తావనలు ఉన్నాయి. 14, 15 అధ్యాయాలు చదవకపోయినా కథ అర్థమవుతుంది." ఇలా సూటిగా ఉంటే చాలు. సస్పెన్స్ పోతుందని భయపడకండి. ఆ అధ్యాయం ఎప్పుడు చదవాలో తేల్చుకునే వీలు చదివేవాళ్లకు దొరుకుతుంది.

అచ్చుకు ముందు ఇద్దరు ముగ్గురికి ఇచ్చి చదివించండి, ఒక్కరైనా స్త్రీ ఉండాలి. ఏ విషయం ఉందో ముందే చెప్పి, చదవడం ఇష్టమేనా అని అడిగి ఇవ్వండి. నీకెప్పుడైనా ఇలా జరిగిందా అని ఎవరినీ అడగొద్దు. వాళ్లకు చెప్పాలనిపిస్తే చెబుతారు, అప్పుడు కథ గురించి మర్చిపోయి వినండి.

నా రెండో చిత్తుప్రతి మళ్లీ అక్కకే ఇచ్చాను. అందులో పంతొమ్మిదో అధ్యాయంలో మల్లి ఒక ఎత్తు వేస్తుంది. రాత్రిపూట తూము మూత సన్నగా తెరిచి, పొలాలకు కాస్త కాస్తగా నీళ్లు వదులుతూ, సైనికులు నీళ్లు కొలిచే గుర్తు రాయిని రోజుకు గోరంత కిందికి దించుతుంది. మర్నాడు సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, రాయి దించితే సరిపోతుందా? నీళ్లు తగ్గినచోట కట్ట మీద తడి మచ్చ మిగిలిపోతుంది కదా. సైనికులకు కనబడదూ?"

ఆ రాత్రే కూర్చుని ఇంకో పేజీ రాశాను. తెల్లవారుజామున మల్లి ఒడ్డు మట్టి తీసి, ఆ మచ్చ మీద పొడిగా చల్లుతూ కట్ట పొడవునా నడుస్తుంది.